ఐరిష్ గ్రాండ్ నేషనల్

ఐరిష్ గ్రాండ్ నేషనల్ ఐర్లండ్‌లో ఏటా ఈస్టర్ సోమవారంనాడు జరిగే స్టీపుల్‌చేజ్ గుర్రప్పందెం. డబ్లిన్ నగరానికి వాయవ్యంగా, కౌంటీ మీత్‌లోని రటోత్ గ్రామం దగ్గర ఉన్న ఫెయిరీహౌస్ మైదానంలో దీన్ని నిర్వహిస్తారు. దూరం 3 మైళ్ల 5 ఫర్లాంగులు, అంటే సుమారు 5.8 కిలోమీటర్లు. దారిలో 24 కంచెలు దూకాలి. అయిదేళ్లు, అంతకు పైబడిన గుర్రాలకే ప్రవేశం. 1870లో మొదలైన ఈ పందేనికి ఇటీవలి సంవత్సరాల్లో మొత్తం బహుమతి 5 లక్షల యూరోలు. ఇంగ్లండ్‌లోని ఏంట్రీ గ్రాండ్ నేషనల్‌కు ప్రపంచ ప్రసిద్ధి ఎక్కువ. ఐర్లండ్‌లో గుర్రాలు పెంచే పల్లెలకు మాత్రం తమ ఇంటి పందెం ఇదే.

దీని చరిత్ర అంతా ఒక నియమం చుట్టూ తిరుగుతుంది. ఇది హ్యాండికాప్ పందెం. మేటి గుర్రం ఎక్కువ బరువు మోయాలి, సాధారణ గుర్రం తక్కువ మోస్తే చాలు. 1964 విజేత ఆర్కిల్ వంటి గుర్రం గొప్పతనం తేలినా, ఎవరూ లెక్కలోకి తీసుకోని గుర్రం అనూహ్యంగా గెలిచినా, రెండింటికీ మూలం ఈ నియమమే.

స్టీపుల్‌చేజ్ పుట్టుక

ఇంగ్లీషులో చర్చి శిఖరాన్ని ‘స్టీపుల్’ అంటారు. పొలాలకు అడ్డంపడి, గట్లూ కాలవలూ రాతిగోడలూ దాటుకుంటూ, దూరాన కనిపించే చర్చి శిఖరాన్నే గురిగా పెట్టుకుని గుర్రాలను పరిగెత్తించే పోటీకి ఆ పేరు వచ్చింది. 1752లో ఐర్లండ్ దక్షిణాన కౌంటీ కార్క్‌లో కొర్నీలియస్ ఓకలహన్, ఎడ్మండ్ బ్లేక్ అనే ఇద్దరు పెద్దమనుషులు పందెం కాసుకుని, బటెవంట్ చర్చి దగ్గర బయలుదేరి డోనరేల్ చర్చి వరకు దాదాపు నాలుగున్నర మైళ్లు స్వారీ చేశారని చెబుతారు. ఈ క్రీడ చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా మొదలుపెట్టేది ఆ పందెంతోనే. వేటకుక్కల వెంట గుర్రాల మీద పొలాల్లో తిరిగే అలవాటు ఉన్న సమాజంలో ఇది తేలిగ్గా పాతుకుంది. తర్వాతి వందేళ్లలో పొలాల మీది పరుగు క్రమంగా కొలతలు గల మైదానాలకు చేరింది, అసలు గట్ల స్థానంలో కట్టిన కంచెలు వచ్చాయి.

ఫెయిరీహౌస్ కూడా వేటగాళ్ల మైదానమే. అక్కడ మొదటి పందేలు 1848లో జరిగాయి. అంతకుముందు పక్కనే ఉన్న ఆష్‌బర్న్‌లో జరిగే ఆ పోటీలను వార్డ్ యూనియన్ వేట సంఘం ఇక్కడికి మార్చింది. ఇరవై రెండేళ్ల తర్వాత, 1870లో, తొలి ఐరిష్ గ్రాండ్ నేషనల్ నడిచింది. గెలిచిన గుర్రం పేరు సర్ రాబర్ట్ పీల్. బ్రిటిష్ ప్రధానిగా పనిచేసిన నాయకుడి పేరే ఆ గుర్రానికీ ఉంది. బహుమతి 167 బంగారు సావరిన్లు. ఏంట్రీ పందెం అప్పటికే 30 ఏళ్లుగా నడుస్తోంది. పేరులోని ‘గ్రాండ్ నేషనల్’ అనే మాట అక్కడి నుంచి తెచ్చుకున్నదే.

మైదానం, రోజు, నియమాలు

ఫెయిరీహౌస్‌లో గుర్రాలు కుడిచేతి వాటంగా తిరుగుతాయి. ఒక చుట్టు సుమారు ఒక మైలు ఆరు ఫర్లాంగులు కాబట్టి ఈ పందేనికి రెండు చుట్లకు పైగా పరుగు పెట్టాలి. పాల్గొనే గుర్రాలు గరిష్ఠంగా 30. ఇంత గుంపు తొలి కంచెల దగ్గర ఒక్కసారిగా వచ్చి పడితే తోపులాట తప్పదు. మంచి జాకీ గుర్రం బలాన్ని చివరి అరమైలు కోసం దాచుకుంటూనే, ముందు పడిపోయే గుర్రాలు అడ్డం రాకుండా తన దారి వెతుక్కుంటాడు.

పందెం జరిగే రోజుకూ ఒక ప్రత్యేకత ఉంది. ఈస్టర్ చాంద్రమాన గణనతో ముడిపడిన పండుగ కాబట్టి ఈస్టర్ సోమవారం మార్చి 23కూ ఏప్రిల్ 26కూ మధ్య ఏ రోజైనా రావచ్చు. స్టీపుల్‌చేజ్ లోకంలోని మరో రెండు పెద్ద ఘట్టాలు, మార్చి నడిమధ్య జరిగే చెల్టెనమ్ ఉత్సవం, ఏప్రిల్ తొలి పక్షంలో జరిగే ఏంట్రీ గ్రాండ్ నేషనల్, కొంచెం అటూ ఇటుగా స్థిరంగా ఉంటాయి. ఫెయిరీహౌస్ ఒక ఏడాది ఏంట్రీకి ముందు, మరో ఏడాది తర్వాత వస్తుంది. ఈస్టర్ తొందరగా వస్తే శీతకాలపు వానలకు నేల బురదబురదగా ఉండి బలమైన గుర్రాలకు అనుకూలిస్తుంది. ఆలస్యమైతే నేల ఆరి, చురుకైన గుర్రాలకు లాభం. గుర్రాన్ని ఎప్పటికి సిద్ధం చేయాలో తేల్చుకోవడానికి ట్రైనర్లు ఏటా పంచాంగం చూసుకోవలసిందే.

బరువుల లెక్క ఇలా ఉంటుంది. గుర్రం గత పందేల్లో చూపిన సత్తాను బట్టి అధికారి దానికి ఒక స్థాయి కేటాయిస్తాడు. ఆ స్థాయి ప్రకారం మోయవలసిన బరువు నిర్ణయమవుతుంది. ఇందులో జాకీ, జీను అన్నీ కలిసే ఉంటాయి. జాకీ తేలికైతే తక్కువపడిన మేరకు సీసపు పలకలు జీనులో చేరుస్తారు. అన్ని గుర్రాలూ ఒకేసారి గమ్యం చేరాలన్నది కాగితం మీది ఆదర్శం. బరువును ఇప్పటికీ స్టోన్లు, పౌండ్లలోనే చెప్పుకుంటారు. ఒక స్టోన్ అంటే 14 పౌండ్లు, సుమారు 6.35 కిలోలు. ఐరిష్ గ్రాండ్ నేషనల్ చరిత్రలో ‘12 స్టోన్లు’ అనే మాట పదేపదే వినిపిస్తుంది. అది దాదాపు 76 కిలోలు. అంత బరువుతో గెలిచిన గుర్రాలను ఐర్లండ్ తరతరాలుగా గుర్తుపెట్టుకుంది.

తొలి దశాబ్దాలు, 1916

1904లో గెలిచిన అసెటిక్స్ సిల్వర్ రెండేళ్ల తర్వాత, 1906లో, ఏంట్రీ గ్రాండ్ నేషనల్‌నూ గెలిచింది. ఐర్లండ్‌లో నెగ్గిన గుర్రం సముద్రం దాటి అక్కడా నెగ్గగలదని చూపిన గుర్రం అది. ఆ కాలంలో ఈ పందెం ప్రధానంగా డబ్లిన్ వాసుల పండుగ విహారం. ఈస్టర్ సెలవునాడు నగరం సగం ఫెయిరీహౌస్ దారి పట్టేది.

1916 ఏప్రిల్ 24 కూడా అలాంటి సెలవు రోజే. బ్రిటిష్ సైన్యంలోని అనేకమంది అధికారులు పందేలు చూడడానికి నగరం విడిచి వెళ్లారు. ఆ రోజే డబ్లిన్‌లో తిరుగుబాటుదారులు జనరల్ పోస్టాఫీసును, మరికొన్ని కీలక భవనాలను స్వాధీనం చేసుకుని ఐరిష్ రిపబ్లిక్‌ను ప్రకటించారు. చరిత్రలో ఈస్టర్ తిరుగుబాటుగా నిలిచిన ఆ ఘట్టం మొదలవుతున్న సమయంలో మీత్ పొలాల మధ్య ఆల్ సార్ట్స్ అనే గుర్రం గ్రాండ్ నేషనల్ గెలిచింది. నగరంలో కాల్పులు జరుగుతున్నాయన్న కబురు మైదానానికి చేరింది. తిరుగు ప్రయాణం చాలామందికి గండమైంది. తిరుగుబాటు గురించి రాసే చరిత్రకారులు ఆ సోమవారం ఉదయం అధికారులు ఎక్కడ ఉన్నారో చెప్పేటప్పుడు ఫెయిరీహౌస్ పేరు తప్పక తలుస్తారు.

స్వతంత్ర రాజ్యం ఏర్పడ్డాక కూడా పందెం పాత పద్ధతిలోనే సాగింది. 1929లో అలైక్ అనే చిన్న ఆడగుర్రం మీద దాని యజమాని ఫ్రాంక్ వైజ్ స్వయంగా స్వారీ చేసి గెలిచాడు. అతనికి ఒక కాలు కొయ్యకాలు, ఒక చేతికి మూడు వేళ్లు లేవు. ఆ కాలానికి స్టీపుల్‌చేజ్ వృత్తి జాకీల పనిగా ఇంకా పూర్తిగా మారలేదు. ఊరి పెద్దమనుషుల పట్టుదల కూడా అందులో భాగమేనని ఆ గెలుపు చెబుతుంది.

డ్రీపర్ యుగం

ఈ పందెం చరిత్రలో అతి పెద్ద పేరు టామ్ డ్రీపర్. డబ్లిన్–మీత్ సరిహద్దులో, కిల్సాలహన్ దగ్గర గ్రీనోగ్‌లో అతని గుర్రపుశాల ఉండేది. ఫెయిరీహౌస్ అక్కడికి చాలా దగ్గర. స్వతహాగా రైతు అయిన డ్రీపర్ గుర్రాల విషయంలో తొందరపడేవాడు కాడు. అతని తొలి గెలుపు 1942లో ప్రిన్స్ రీజెంట్‌తో వచ్చింది. ఆ గుర్రం 12 స్టోన్ల 7 పౌండ్లు, అంటే 79 కిలోలకు పైగా మోసి గెలిచింది. యుద్ధం వల్ల ఇంగ్లండ్‌లో పోటీపడే అవకాశం చాలా ఏళ్లు చిక్కకపోయినా, 1946లో చెల్టెనమ్ గోల్డ్ కప్ కూడా సాధించింది. ఆ తర్వాత డ్రీపర్ గుర్రాల్లో 1949లో షగ్రీన్, 1954లో రాయల్ అప్రోచ్ గెలిచాయి.

ఈ మధ్యలో 1952లో అల్బెరోనితో విన్సెంట్ ఓబ్రయన్ గెలిచాడు. అతను ఆ వెంటనే 1953 నుంచి 1955 వరకు వరసగా మూడుసార్లు ఏంట్రీ గ్రాండ్ నేషనల్ గెలిపించి, తర్వాత స్టీపుల్‌చేజ్ వదిలి చదును నేల పందేల్లో జగత్ప్రసిద్ధుడయ్యాడు. డ్రీపర్ తన పొలాన్నీ కంచె పందేలనూ వదల్లేదు.

1960 నుంచి 1966 వరకు ఏడేళ్లూ ఐరిష్ గ్రాండ్ నేషనల్ గ్రీనోగ్‌కే వెళ్లింది. ఒలింపియా, ఫోర్ట్రియా, కెర్ఫోరో, లాస్ట్ లింక్, ఆర్కిల్, స్ప్లాష్, ఫ్లయింగ్‌బోల్ట్ వరసగా గెలిచాయి. గెలుపు బరువును పెంచే పందెంలో ఒకే గుర్రపుశాల ఏడేళ్లు వదలకుండా గెలవడం ఇప్పటికీ చెక్కుచెదరని రికార్డు. మొత్తం పది విజయాలతో టామ్ డ్రీపరే ఈ పందెంలో అగ్రగామి ట్రైనర్. అతని ప్రధాన జాకీ పాట్ టాఫ్ ఆరుసార్లు గెలిచి జాకీల్లో మొదటి స్థానంలో ఉన్నాడు.

ఆర్కిల్, ఫ్లయింగ్‌బోల్ట్

వెస్ట్‌మిన్‌స్టర్ డచెస్ ఆన్‌కు చెందిన ఆర్కిల్ 1964 మార్చిలో చెల్టెనమ్ గోల్డ్ కప్‌లో ఇంగ్లండ్ మేటి గుర్రం మిల్ హౌస్‌ను ఓడించింది. కొద్ది వారాలకే 12 స్టోన్ల బరువుతో ఫెయిరీహౌస్‌లో దిగింది. రెండో స్థానంలో వచ్చిన ఆడగుర్రం హైట్ ఓఫ్యాషన్ దానికన్నా 30 పౌండ్లు తక్కువ మోసింది. అయినా ఆర్కిల్ ఒకటింపావు లెంగ్త్ (గుర్రం పొడవు) తేడాతో గెలిచింది. హ్యాండికాప్ లెక్కలో కొద్ది పౌండ్ల తేడా కూడా ఒక లెంగ్త్‌తో సమానమయ్యే ఆటలో పదమూడున్నర కిలోలు వదులుకుని గెలవడం మాటలు కాదు.

ఆర్కిల్ బరిలో ఉంటే మిగతా గుర్రాలన్నీ కనిష్ఠ బరువు దగ్గరే గుమిగూడేవి, వాటి మధ్య సత్తా తేడాలు చెరిగిపోయేవి. చివరికి ఐరిష్ అధికారులు రెండు జాబితాలు తయారుచేసే పద్ధతి పెట్టారు. ఆర్కిల్ పరిగెత్తితే ఒక వరస బరువులు, లేకపోతే మరో వరస. ఒక్క గుర్రం కోసం నియమాలనే మార్చిన సందర్భం అది. ఆర్కిల్ 1964, 1965, 1966ల్లో మూడు గోల్డ్ కప్‌లు గెలిచింది. దాని విగ్రహం పాట్ టాఫ్‌తో సహా ఆష్‌బర్న్‌లో నిలబడి ఉంది. అస్థిపంజరాన్ని కిల్డేర్‌లోని ఐరిష్ నేషనల్ స్టడ్ ప్రదర్శనశాలలో భద్రపరిచారు.

ఆర్కిల్ పక్క కొట్టంలోనే ఉన్న ఫ్లయింగ్‌బోల్ట్‌కు అంతటి కీర్తి దక్కలేదు. 1966లో అది 12 స్టోన్ల 7 పౌండ్లు మోస్తూ, అదే హైట్ ఓఫ్యాషన్‌కు ఈసారి 40 పౌండ్ల వెసులుబాటు ఇచ్చి గెలిచింది. టైమ్‌ఫామ్ సంస్థ స్టీపుల్‌చేజ్ గుర్రాలకు ఇచ్చిన అంచనాల్లో ఆర్కిల్‌ది 212, ఫ్లయింగ్‌బోల్ట్‌ది 210. ఈ రెండూ ఒకే కాలంలో ఒకే ట్రైనర్ చేతిలో ఉన్నాయి.

టామ్ తర్వాత గుర్రపుశాల చేపట్టిన కొడుకు జిమ్ డ్రీపర్ 1974లో కోల్‌బ్రిడ్జ్‌తో గెలిచాడు. ఆపైన వచ్చింది బ్రౌన్ లాడ్. 1975, 1976ల్లో గెలిచిన ఈ గుర్రం 1978లో పన్నెండేళ్ల వయసులో, 12 స్టోన్లకు పైగా బరువుతో మూడోసారి గెలిచింది.

కుటుంబాలు, మహిళలు

ఐరిష్ గుర్రప్పందేలను కొద్ది కుటుంబాలు తరతరాలుగా వృత్తిగా చేసుకున్నాయి. ఈ పందెం విజేతల పట్టిక చదివితే ఆ చుట్టరికాలు బయటపడతాయి. టామీ కార్బెరీ 1975లో జాకీగా చెల్టెనమ్ గోల్డ్ కప్, ఏంట్రీ గ్రాండ్ నేషనల్, ఐరిష్ గ్రాండ్ నేషనల్ మూడూ ఒకే సీజన్‌లో గెలిచాడు. తర్వాత ట్రైనర్‌గా మారి, కొడుకు పాల్ జాకీగా బాబీజోను 1998లో ఫెయిరీహౌస్‌లో, 1999లో ఏంట్రీలో గెలిపించాడు. కూతురు నీనా 2011లో ఆర్గనైజ్డ్‌కన్‌ఫ్యూజన్ మీద గెలిచింది. ఆ గుర్రం ట్రైనర్ ఆర్థర్ మూర్ ఆమెకు మేనమామ. అతను కూడా 1971లో కింగ్స్ స్ప్రైట్ మీద జాకీగా ఇదే పందెం గెలిచినవాడు.

2000 సంవత్సరం వాల్ష్ కుటుంబానిది. తండ్రి టెడ్ ట్రైనర్‌గా, కొడుకు రూబీ జాకీగా ఏప్రిల్ తొలి పక్షంలో ఏంట్రీలో పాపియాన్‌తోనూ, అదే నెలలో ఈస్టర్ సోమవారంనాడు కమాంచీ కోర్ట్‌తోనూ గెలిచారు. 2015లో రూబీ చెల్లెలు కేటీ వాల్ష్ థండర్ అండ్ రోజెస్ మీద గెలిచింది. ఆ గుర్రం ట్రైనర్ సాండ్రా హ్యూస్ తండ్రి డెస్సీ మరణించాక కొద్ది నెలల కిందటే గుర్రపుశాల బాధ్యత తీసుకుంది.

మహిళా జాకీల్లో తొలి విజయం 1984లో ఆన్ ఫెరిస్‌ది. బెంటమ్ బాయ్ అనే ఆ గుర్రం ట్రైనర్ ఆమె తండ్రి విల్లీ రూనీ. అదే పందెంలో ఆమె సోదరి రోజ్‌మేరీ స్టూవర్ట్ మూడో స్థానంలో వచ్చింది. ఈ విజయానికి అప్పట్లో ఎంత ఆశ్చర్యపోయారో, నీనా, కేటీల నాటికి అంత ఆశ్చర్యం మిగల్లేదు. ట్రైనర్లలో 2013లో డాట్ లవ్ బెట్టింగ్‌లో 50కి 1 ధర పలికిన లిబర్టీ కౌన్సెల్‌తోనూ, 2017లో జెస్సికా హారింగ్టన్ అవర్ డ్యూక్‌తోనూ గెలిచారు.

ఆధునిక కాలం

1990లో ఇంగ్లండ్ ప్రజల అభిమాన గుర్రం, బూడిదరంగు డెజర్ట్ ఆర్కిడ్ ఫెయిరీహౌస్‌కు వచ్చింది. 12 స్టోన్ల బరువుతో, చివరి కంచె దగ్గర తడబడి కూడా, 12 లెంగ్త్‌ల తేడాతో గెలిచింది. విదేశీ గుర్రమైనా ఐరిష్ జనం దాన్ని తమదిగా చేసుకుని హర్షధ్వానాలు పలికారు. 1995 విజేత ఫ్లాషింగ్ స్టీల్ యజమాని ఐర్లండ్ మాజీ ప్రధాని చార్ల్స్ హాహీ.

2001లో పశువుల్లో గాలికుంటు వ్యాధి వ్యాపించడంతో పందేన్ని మే నెలకు వాయిదా వేశారు. అప్పుడు డేవిడ్స్ లాడ్ గెలిచింది. 2020లో కోవిడ్ వల్ల పందెం రద్దయింది. పాత రోజుల బంగారు నాణేల స్థానంలో విస్కీ కంపెనీలు, ఆ తర్వాత బెట్టింగ్ కంపెనీలు పోషకులయ్యాయి. బహుమతి పెరిగిన కొద్దీ పెద్ద గుర్రపుశాలల ఆసక్తీ పెరిగింది. అయినా పెద్దవాళ్లకు ఇది తేలిగ్గా లొంగలేదు. ఐర్లండ్ అగ్ర ట్రైనర్లు గోర్డన్ ఎలియట్‌కు 2018 వరకు, విల్లీ ముల్లిన్స్‌కు 2019 వరకు తొలి విజయం దక్కలేదు. ముల్లిన్స్‌కు తొలి విజయం అందించిన బరోస్ సెయింట్ మీద స్వారీ చేసిన రూబీ వాల్ష్ ఆ తర్వాత పది రోజుల్లోపే వృత్తి నుంచి తప్పుకున్నాడు.

2021లో ఖాళీ స్టాండ్ల ముందు నడిచిన పందెంలో ఫ్రీవీలిన్ డిలన్ దాదాపు మొదటి నుంచి చివరి దాకా ముందుండి గెలిచింది. బుకీలు దానికి ఇచ్చిన ధర 150కి 1. ఈ పందెంలో అంత తక్కువ ఆశతో దిగి గెలిచిన గుర్రం మరొకటి లేదు. ట్రైనర్ డెర్మట్ మెక్‌లాఫ్లిన్‌ది రటోత్. అతని తండ్రి లియమ్ 1962లో డ్రీపర్ గుర్రం కెర్ఫోరో మీద గెలిచిన జాకీ. మరుసటి ఏడాది 40కి 1 ధర పలికిన లార్డ్ లారియట్‌తో మెక్‌లాఫ్లిన్ మళ్లీ గెలిచాడు. కోట్లు పోసి కొన్న గుర్రాల మధ్య పక్క ఊరి గుర్రానికి తేలిక బరువు అవకాశం ఇచ్చింది.

ఫెయిరీహౌస్ నుంచి ఏంట్రీకి దారి ఇప్పటికీ తెరిచే ఉంది. 1985 విజేత రైమ్ అండ్ రీజన్ 1988లో, 2005 విజేత నంబర్‌సిక్స్‌వాల్వర్డీ 2006లో, 2023 విజేత ఐ యామ్ మాక్సిమస్ 2024లో ఏంట్రీ గ్రాండ్ నేషనల్ గెలిచాయి. 2016లో మౌస్ మోరిస్ ట్రైనర్‌గా రోగ్ ఏంజెల్ ఇక్కడ గెలిచిన రెండు వారాల్లోపే అతని మరో గుర్రం రూల్ ద వరల్డ్ అక్కడ గెలిచింది. 2024లో ఇంటెన్స్ రాఫిల్స్ విజేత. 2025లో వేల్స్ ట్రైనర్ రెబెకా కర్టిస్ తెచ్చిన హైటీ కులర్స్ కప్పును ఐరిష్ సముద్రం దాటించింది.

కంచె పందేల్లో గుర్రాలు పడతాయి, కొన్ని ప్రాణాలూ కోల్పోతాయి. ఈ విషయంలో జంతు సంక్షేమవాదుల విమర్శ ఐర్లండ్‌లోనూ బలంగానే ఉంది.

మేటి గుర్రానికి బరువు పెంచి అందరినీ సమం చేయాలని పెట్టిన నియమం నూటయాభై ఏళ్లకు పైగా తన పని చేస్తూనే వచ్చింది. ఆర్కిల్, ఫ్లయింగ్‌బోల్ట్, డెజర్ట్ ఆర్కిడ్ ఒక్కోసారి మాత్రమే గెలిచాయి. ఐరిష్ గ్రాండ్ నేషనల్‌ను మూడుసార్లు గెలిచిన గుర్రం ఇప్పటికీ బ్రౌన్ లాడ్ ఒక్కటే.